నీళ్ళ వంతు

వెర్మాంట్, హార్లన్ కొండ
నవంబర్ 30, 2003

దెల్ఫీనా అక్కకి,

నువ్వు బాగున్నావా అని అడగను. నువ్వు బాగుండకపోతే సాన్ ప్లాసిదోలో ఎవరూ బాగుండరు, ఆ కబురు నాకు ఈపాటికి చేరేది. నేను చేరాను. నాలుగు బస్సులు మారాను. చివరి బస్సు దిగేసరికి మోకాళ్ళు రెండూ నావి కావేమో అనిపించింది.

ఫోన్ చెయ్యమన్నావు. సోలెదాద్ కొట్టుకి ఫోన్ చేస్తే ఏమవుతుందో నీకు తెలియదా? మైకులో పిలుస్తుంది, నువ్వు వచ్చేలోపు ఊరంతా వచ్చి కూర్చుంటుంది. నా దగ్గు కూడా పంచుకుంటారు. అందుకే ఉత్తరం.

ఇక్కడి పని చెప్తాను, నవ్వకు. వీళ్ళు మంచు కురిసేదాకా ఆగరు. కొండ కింద ఒక చెరువుంది. అందులోంచి నీళ్ళు పంపుతో పైకి ఎక్కించి, ఫిరంగుల్లాంటి గొట్టాల్లో గాలితో కలిపి ఆకాశంలోకి కొడతారు. ఆ నీళ్ళు కింద పడేలోపు మంచయిపోతాయి. దాని మీద జనం కాళ్ళకి పొడుగాటి చెక్కలు తొడుక్కుని జారతారు. కింద దాకా జారాక తీగకి వేలాడే కుర్చీలో కూర్చుని మళ్ళీ పైకొస్తారు. మళ్ళీ జారతారు. సాయంత్రం దాకా ఇదే. నా పని ఆ గొట్టాలు లాగడం, పైపులు చూసుకోవడం. ఇంట్లో నీళ్ళ పని తప్పించుకుని వచ్చానా, రెండు దేశాలు దాటినా నీళ్ళు నన్ను వదల్లేదు.

ఇంక అసలు సంగతి. జనవరి ఒకటి నుంచి ఏడాది పాటు ఊరి నీళ్ళ లైను చూసుకునే వంతు నాది. ఏప్రిల్‌లో నేను వచ్చేదాకా నా బదులు ఇంటి మగవాడు ఎవరైనా చెయ్యొచ్చని సభలో ఒప్పుకున్నారు, నబోర్ బావ సరేనన్నాడు. బావకి మళ్ళీ చెప్పు. పొద్దున్నే ఊట దాకా లైను వెంట నడవాలి. పోనూ రెండు గంటలు, రానూ రెండు గంటలు. పైపు మీద చేతి తొడుగు లేకుండా అరచెయ్యి పెడితే లోపల నీళ్ళు నడుస్తున్నాయో లేదో తెలుస్తుంది. చెవి పెట్టక్కర్లేదు, చెయ్యి చాలు. నక్కవాగు దగ్గర వాల్వ్ మాత్రం అన్నిటిలాంటిది కాదు. అది పాత గని నుంచి తెచ్చి నేను బిగించింది, ఎదురు వైపు తిరుగుతుంది. ఎడమకి తిప్పితే మూసుకుంటుంది, కుడికి తిప్పితే తెరుచుకుంటుంది. బిగించిన రోజే సభలో చెప్పాను. అందరూ నవ్వారు. ఒక జోకు అనుకున్నారు. వంతు ఎవరిదైనా, ఎనిమిదేళ్ళుగా దాన్ని తిప్పింది నేనొక్కణ్ణే.

ఒక్క వారం నాగా పడినా ఊరి పుస్తకంలోంచి పేరు కొట్టేస్తారని నీకు తెలుసు. కొళాయి పోతే పోనీ, మీ ఇంట్లో తాగుతాను. శ్మశానంలో మా ఆవిడ పౌలీనా పక్కన జాగా పోతుంది, అదీ నా బాధ. ఆరేళ్ళుగా ఆ జాగాలో కలుపు తీస్తున్నాను. ఆవిడకి ఓపిక ఎక్కువే, కానీ పక్కన వేరే ఎవడో వచ్చి పడుకుంటే ఒప్పుకోదు.

ఇంటి కప్పు కోసం ఇంత దూరం వచ్చినవాడు,
నీ తమ్ముడు ఒదిలోన్

*

సాన్ ప్లాసిదో
డిసెంబర్ 18, 2003

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చింది. పిండి మిల్లు దగ్గర వరసలో నిలబడి ఉండగా ఇచ్చారు. అక్కడే చదివాను, నోరు మూసుకుని చదవడం నాకు చేతకాదని నీకు తెలుసుగా. ఇంక చూడు. ఆడవాళ్ళు మొక్కజొన్న బకెట్లు కింద పెట్టి మరీ నవ్వారు. "నీళ్ళని ఆకాశంలోకి కొడతారా! దేనికీ, దేవుడు తలంటుకోవడానికా?" అంది సోలెదాద్. ప్రెసిడెంటు అబ్దోన్ గారు అటు పోతూ ఆగి మొత్తం విన్నాడు. "వాడు ఇక్కడున్నప్పుడూ ఇంతే, అక్కడికెళ్ళీ ఇంతే. అంత దూరం పోయి ఒక కొత్త అబద్ధమైనా నేర్చుకోలేదు" అన్నాడు. నేను నీ తరఫున కోపం తెచ్చుకుందామనుకున్నాను. కానీ తమ్ముడూ, కొంచెం తగ్గించి రాయాల్సింది. మంచు కురుస్తుంది అంటే నమ్మేవాళ్ళం.

బావకి అన్నీ చెప్పాను. తల ఊపాడు. ఆయన తల ఊపితే సగం పని అయినట్టే, మిగతా సగం నేను పోరు పెడితే అవుతుంది. వాల్వ్ పెట్టెల తాళంచెవుల గుత్తి, వంతు మనిషి ఊదే ఈల నీళ్ళ కమిటీవాళ్ళు వచ్చే వారం ఇస్తారట.

పౌలీనా దగ్గరికి ఆదివారం వెళ్ళాను. తెల్ల పూలు పెట్టాను. నీ జాగా అలాగే ఉంది, ఒక కోడి మాత్రం అక్కడ గుంట తవ్వుకుంటోంది. తరిమాను.

ఉన్ని టోపీ పెట్టుకుంటున్నావా? అందంగా లేదని తీసి పక్కన పెట్టావో, నాకు తెలిసిపోతుంది.

నీ అక్క
దెల్ఫీనా

*

హార్లన్ కొండ
జనవరి 9, 2004

అక్కా,

టోపీ పెట్టుకున్నాను. రెండు పెట్టుకున్నాను. మీసం మీద మంచు గడ్డ కట్టింది, నవ్వితే మీసం విరుగుతుందేమో అని భయం వేసి ఈ మధ్య జోకులు తగ్గించాను. అబ్దోన్ గారికి ఆ మాట చెప్పు, సంతోషిస్తాడు.

మీరు నమ్మలేదని మా మేస్త్రీ వెండెల్‌కి చెప్పాను. అరవై ఆరేళ్ళవాడు, ఒకప్పుడు ఆవులుండేవి, ఇప్పుడు ఈ గొట్టాలు. మాటలు తక్కువ. మా ఇద్దరి మధ్య మాట చెప్పేది రుఫీనా అని, పెరూ దేశం నుంచి వచ్చింది, హోటల్లో బట్టలు ఉతికే చోట పని. ఆవిడ చెప్పింది విని వెండెల్ కాసేపు కొండకేసి చూశాడు. "ముప్పై ఏళ్ళుగా చేస్తున్నా. మా ఆవిడే నమ్మదు" అన్నాడు. తర్వాత, "మీ ఊళ్ళో నీళ్ళు ఎంత దూరం నుంచి?" అని అడిగాడు. రెండు గంటల నడక అన్నాను. ఉమ్మేసి, మళ్ళీ గొట్టం అందుకున్నాడు. ఆ ఉమ్ము కింద పడేసరికి గడ్డకట్టింది. ఇది కూడా నమ్మకండి.

అలసటగా ఉందక్కా. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు లాగే గొట్టం నేనూ లాగాలి. పొద్దున లేచేటప్పుడు ముందు చేతులు లేస్తాయి, తర్వాత నడుము, మోకాళ్ళు మధ్యాహ్నానికి వచ్చి కలుస్తాయి. ఎండ అనే పేరుతో ఒకటి వస్తుంది ఇక్కడ, చూడటానికే.

బావ రోజూ లైను వెంట వెళ్తున్నాడా? రెండు ముక్కలు తన చేత రాయించు. చేతిరాత చూస్తే నాకు ధైర్యం.

ఒదిలోన్

*

సాన్ ప్లాసిదో
జనవరి 25, 2004

తమ్ముడూ,

బావకి పెన్ను పట్టుకోవడం కంటే కొడవలి పట్టుకోవడం తేలిక, తెలిసీ అడుగుతావేం. లైను మీద ఒక్క రోజు కూడా నాగా లేదు, నా మాట చాలదా?

మూడో మలుపు దగ్గర పైపు మోసే తాడు చివికిపోయి ఉంది, కొత్తది కట్టడమైంది. పెద్ద బండ పక్కన పైపు మీద చెయ్యి పెడితే నీళ్ళు తెలుస్తాయన్నావు చూడు, నిజమే. చిన్న పిల్లి గుర్రు పెట్టినట్టు ఉంటుంది. నక్కవాగు వాల్వ్ పెట్టెలో కందిరీగలు గూడు పెట్టాయి. పొగ పెట్టి తరమడమైంది, రెండు కుట్టాయి. ఇంకో మాట, ఆ వాల్వ్ బిగుసుకుపోతే ఏం చెయ్యాలి? బావ అడగమన్నాడు.

వాగు దాటేచోట రాళ్ళు జారుతున్నాయి. పావడా తడవకుండా దాటడానికి ఒక దుంగ వెయ్యడమైంది.

చలికాలం ఇక్కడా బాగానే ఉంది, పొద్దున్నే మంచు పొగలో కొండెక్కుతుంటే ఊపిరి కనబడుతుంది. నీ దగ్గర ఎలా ఉంటుందో ఊహించుకుంటాను. బావ ఊహించుకుంటాడు.

టోపీ రెండు పెట్టుకున్నందుకు సంతోషం.

దెల్ఫీనా

*

హార్లన్ కొండ
ఫిబ్రవరి 13, 2004

దెల్ఫీనా అక్కకి,

చెయ్యి ఖాళీ లేదు, అందుకని ఈ ఉత్తరం వేరేవాళ్ళ చేత రాయిస్తున్నాను. మాటలు నావే.

వాల్వ్ బిగుసుకుంటే బలం పెట్టకూడదు. కొంచెం పంది కొవ్వు రాసి, అరగంట కూర్చుని, మెల్లిగా కుడికి, మళ్ళీ మెల్లిగా ఎడమకి. దాంతో కొట్లాట పెట్టుకుంటే ఓడిపోయేది మనమే. ఈ మాట ఎవరికి చెప్తున్నానో నాకే తెలియట్లేదు. ఎందుకంటే,

ఇక్కడ వంటింట్లో ఎలీసియో అని యాగలా ఊరివాడున్నాడు. ప్రతి ఆదివారం వాళ్ళమ్మకి ఫోన్ చేస్తాడు. వాళ్ళమ్మ సంతకని మన ఊరొచ్చిందట. నబోర్ బావ పట్టపగలు వాకిట్లో కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెప్తూ కూర్చున్నాడట. ఒక్క ఆదివారం కాదు, మూడు ఆదివారాలు. "మీ బావ రాజాగారిలా కూర్చున్నాడు బాబాయ్" అన్నాడు ఎలీసియో, నవ్వుతూ. నేను నవ్వలేదు.

అక్కా, నువ్వు ఆయన్ని వెనకేసుకొస్తున్నావు. పెళ్ళయిన రోజు నుంచీ అదే పని. నాగా లేదు, నాగా లేదు అని రాస్తున్నావు, రేపు సభ పుస్తకం తెరిచి నా పేరు కొట్టేసిన రోజున ఆ దుప్పటి నాకు కప్పమని చెప్పు. నేను ఇక్కడ పరాయివాళ్ళ కొండకి నీళ్ళు మోస్తుంటే, నా కొండ మీద నా బదులు నడుస్తానని ఒప్పుకున్నవాడు ఎండ కాగుతున్నాడు. ఆయనకి చెప్పు, చేతకాకపోతే చేతకాదని జనవరికి ముందే చెప్పాల్సింది. వేరే మనిషిని చూసుకునేవాణ్ణి.

ఇంతకంటే రాయలేను. అలసిపోయాను.

ఒదిలోన్

*

సాన్ ప్లాసిదో
మార్చి 1, 2004

ఒదిలోన్,

నీ ఉత్తరం మిల్లు దగ్గర చదవలేదు. నడుస్తూ చదివాను, నక్కవాగు దగ్గర కూర్చుని రెండోసారి చదివాను. అవును, నేనే. ఇప్పుడు విను.

డిసెంబర్ 29న మీ బావ కంచరగాడిద మీంచి పడ్డాడు. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. తొడ దాకా పిండి కట్టు వేశారు. దాని మీద దుప్పటి కప్పుకుని కూర్చుంటాడు, రాజాగారు. కదలడానికి లేదు, తిట్టడానికి మాత్రం నోరు బాగానే ఉంది. "ఒదిలోన్‌కి రాయకు, పని వదిలేసి వచ్చేస్తాడు, కప్పు లేకుండా ఇంకో వానాకాలం గడుపుతాడు" అని చెప్పింది ఆయనే. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. ఒక్క మాట కూడా దాచలేదు. అంతా విన్న తర్వాత, "పాపం, వాడికి అక్కడ చలి ఎక్కువలా ఉంది" అన్నాడు. నువ్వు వెనకేసుకురావద్దన్న మనిషి అలాంటివాడు.

జనవరి ఒకటి పొద్దున్న తాళంచెవులు తీసుకుని నేనే కొండెక్కాను. అరవై రెండేళ్ళు నాకు. మొదటి వారం దిగి వచ్చి రొట్టె కాల్చే ఓపిక కూడా లేక పచ్చి పిండి నీళ్ళలో కలుపుకుని తాగాను. రెండో వారం కాళ్ళకి అలవాటైంది. నడుముకి ఇంకా కాలేదు. కందిరీగలు కుట్టింది నన్ను. పావడా తడిసింది నాది. బావ పావడా కట్టుకుంటాడా, అంత తెలివైనవాడివి ఆ ఉత్తరం చదివి నీకు అనుమానం రాలేదా?

ఇంక ముఖ్యమైన మాట. అబ్దోన్ గారికి తెలిసింది. ఇన్నాళ్ళు చూసీ చూడనట్టున్నారు. ఎవరో సభలో లేవనెత్తారు, ఆడమనిషి నడిస్తే అది వంతు కింద లెక్కకి రాదని, ఇంటి మగవాడు అని కదా ఒప్పుకున్నదీ అని. మార్చి 21 ఆదివారం సభ. నీ పేరు ఉంచాలా కొట్టెయ్యాలా అని. నువ్వు సభకి ఒక ఉత్తరం రాయి. ఒక్క జోకు కూడా లేకుండా రాయి. ఒదిలోన్, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కటి కూడా వద్దు.

ఇంకొకటి. ఆ ఉత్తరంలో అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. ఎవరివి? చెయ్యి ఖాళీ లేదంటే ఏం చేస్తోంది ఆ చెయ్యి? పౌలీనా పోయి ఆరేళ్ళయింది, నేనేమీ అనను. కానీ అక్కని తిట్టే ఉత్తరం ఆవిడ చేత రాయించావు చూడు, అది బాలేదు.

దెల్ఫీనా

*

హార్లన్ కొండ
మార్చి 14, 2004

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. బావకి చెప్పు, చలి వల్ల కాదు, బుద్ధి లేక అలా రాశానని.

ఈసారి ఎడమ చేత్తో నేనే రాస్తున్నాను. కోడి గీకినట్టు ఉంది, క్షమించు. గుండ్రటి అక్షరాలు రుఫీనావి. ఆవిడకి నలుగురు మనవలున్నారు, ఆ ఉత్తరం రాస్తూ మధ్యలో పెన్ను ఆపి, "మీ అక్కకి ఇలా రాస్తారా, నేను రాయను" అంది. రాయమని నేనే పట్టుబట్టాను.

నేనూ ఒకటి దాచాను. జనవరి 28న గొట్టంలో నీళ్ళు ఆగిపోయాయి. పైపు ఎక్కడ గడ్డకట్టిందో చూడాలి. మన ఊళ్ళో ఏం చేస్తాను? అదే చేశాను. తొడుగు తీసి, తడి చేత్తో పైపు పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళ అలవాటు. చెయ్యి ఇనుముకి అంటుకుపోయింది. వెండెల్ పరిగెత్తుకొచ్చి తన ఫ్లాస్కులో కాఫీ అంతా పోసి విడదీశాడు. చిటికెన వేలు, ఉంగరం వేలు, పై కణుపులు రెండూ తీసేశారు. తర్వాత నన్ను బట్టల చోటికి మార్చారు, తువ్వాళ్ళు మడతపెడుతున్నాను. వెచ్చగా ఉంటుంది. "ఇక్కడ ఎవడూ చేత్తో పైపు ముట్టుకోడు, నీకెవరు చెప్పారు?" అని వెండెల్ అడిగాడు. మా ఊరు చెప్పింది అన్నాను.

అలా వట్టి చేత్తో పట్టి చూడమని నీకు నేర్పింది కూడా నేనే. పిల్లి గుర్రు పెట్టినట్టుంది అన్నావు. ఆ మాట ఇక్కడ చాలాసార్లు తలుచుకున్నాను.

సోలెదాద్ కొట్టుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. గాలికి తీగ తెగిందట. ఇది 21 లోపు అందదని తెలుసు. అయినా సభ ఉత్తరం ఇందులోనే పెడుతున్నాను.

ఒదిలోన్

ప్రెసిడెంటు అబ్దోన్ గారికి, సాన్ ప్లాసిదో సభకి,

జనవరి ఒకటి నుంచి నీళ్ళ లైను వెంట నడుస్తున్నది మా అక్క దెల్ఫీనా. ఆ నడక నాది కాదు. దాన్ని నా పేరు కింద రాయొద్దు, ఆవిడ పేరు కింద రాయండి. నేను నా వంతు చెయ్యలేదు. నా పేరు కొట్టెయ్యడం న్యాయమని సభకి తోస్తే కొట్టెయ్యండి, నేను కాదనను. శ్మశానంలో పౌలీనా పక్కన నా జాగా దెల్ఫీనాకి ఇవ్వండి. వాళ్ళిద్దరూ స్నేహంగా ఉండేవారు.

నక్కవాగు వాల్వ్ ఎదురు వైపు తిరుగుతుంది. ఇది కూడా నిజం.

ఒదిలోన్

*

సాన్ ప్లాసిదో
ఏప్రిల్ 3, 2004

తమ్ముడూ,

ముందు నీ వేళ్ళ సంగతి. చదివి మిల్లు గట్టు మీద కూర్చుండిపోయాను. సోలెదాద్ నా చేతిలోంచి కాగితం తీసుకుని మిగతాది తనే చదివింది, మైకు లేకుండా. ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. ఉత్తరంలో ఏడవడానికి కాగితం చాలదు.

ఇంక సభ. నీ ఉత్తరం నిజంగానే అందలేదు, మొన్న వచ్చింది. ఆదివారం నేనే వెళ్ళాను. బావని గాడిద మీద ఎక్కించి తీసుకెళ్ళాను, కాలు ముందుకి చాపుకుని ఫిరంగిలా వచ్చాడు. మగవాళ్ళంతా బెంచీల మీద. నన్ను తలుపు దగ్గర నిలబెట్టారు. "ఎనభై రోజులు నడిచావు తల్లీ, ఎవరూ కాదనట్లేదు. కానీ వంతు అంటే వంతే, దానికో పద్ధతుంది" అన్నాడు అబ్దోన్ గారు. చాలా మర్యాదగా అన్నాడు, అది ఇంకా కాల్చింది.

నేను వెళ్ళి తాళంచెవులు, ఈల ఆయన బల్ల మీద పెట్టాను. "ఇది వంతు కాదు అంటున్నారు కాబట్టి ఇవ్వాళ్టి నుంచి నేను నడవక్కర్లేదు. పద్ధతి తెలిసిన మగవాళ్ళు నడవండి. నక్కవాగు వాల్వ్ పొద్దున సగం మూసి వచ్చాను, తెరవాలి. అది ఎదురు వైపు తిరుగుతుంది, కుడికి తిప్పితే తెరుచుకుంటుంది" అని చెప్పాను. వెనక బెంచీ మీంచి ఎవరో, "అది ఒదిలోన్ జోకు కదా, ఇంకా నడుస్తోందా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని పడుకున్నాను.

కమిటీవాళ్ళు ఇద్దరు వెళ్ళారు. ఎడమకి తిప్పారు. నీళ్ళు తగ్గాయి. ఇంకా తెరవాలేమో అనుకుని ఇంకా తిప్పారు. నీళ్ళు ఆగిపోయాయి. తుప్పు పట్టిందనుకుని పెద్ద పానా తెచ్చి ఇద్దరూ వేలాడి తిప్పారు. తెరిచిన కొద్దీ మూసుకుపోయింది. సోమవారం పొద్దున ఒక్క కొళాయిలోనూ చుక్క లేదు. మిల్లు ఆగింది. మిల్లు ఆగితే రొట్టె లేదు. మధ్యాహ్నానికి ఆడవాళ్ళంతా ఖాళీ బకెట్లు పట్టుకుని అబ్దోన్ గారింటి ముందు నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదట, ఊరికే నిలబడ్డారు.

మంగళవారం అబ్దోన్ గారు టోపీ చేతిలో పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. బావ దుప్పటి సర్దుకుని, "కూర్చోండి ప్రెసిడెంటుగారూ, నేను లేవలేను, మావిడ లేవదు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది కానీ బిగబట్టాను. నేను రానన్నాను. సభ మళ్ళీ కూర్చుని పుస్తకంలో రాస్తేనే వస్తానన్నాను. ఆ సాయంత్రమే కూర్చున్నారు. దెల్ఫీనా, నీళ్ళ కమిటీ, జనవరి ఒకటి నుంచి. నా పేరు అబ్దోన్ గారే రాశాడు. తర్వాత కొండెక్కాను. పంది కొవ్వు రాసి, అరగంట కూర్చుని, మెల్లిగా కుడికి తిప్పాను. పెద్ద బండ దగ్గర చెయ్యి పెట్టి చూసుకుని మరీ దిగాను.

నీ పేరు కొట్టెయ్యలేదు. కానీ నేను నడిచింది నీ కింద వెయ్యలేదు. నువ్వు వచ్చిన రోజు నుంచి డిసెంబర్ దాకా నా కింద పని చెయ్యాలి, సహాయకుడిగా. ఒక్క వారం నాగా పడితే నేను సభకి చెప్తాను, తమ్ముడని చూడను. పౌలీనా పక్క జాగా నీదే. నాకెందుకు ఇచ్చావు దాన్ని, నాకు మా ఆయన లేడా?

మొన్న నీ ఉత్తరం వచ్చాక అబ్దోన్ గారు దాన్ని సభలో చదివించాడు. ఎవరూ నవ్వలేదు. జోకు ఎక్కడుందో అని చివరిదాకా చూశారు. అది దొరక్క, ముసలివాళ్ళు కొందరు నీ ఒంట్లో బాగుందా అని నన్ను అడుగుతున్నారు. వాల్వ్ గురించి చివర రాశావు చూడు, అక్కడికి వచ్చేసరికి పానా పట్టుకెళ్ళిన ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

త్వరగా రా. నడుం నొప్పిగా ఉంది.

దెల్ఫీనా

*

హార్లన్ కొండ
ఏప్రిల్ 18, 2004

కమిటీ దెల్ఫీనా గారికి,

మీ సహాయకుడు ఎల్లుండి బస్సెక్కుతున్నాడు. ఈ ఉత్తరం నాకంటే వెనక రావచ్చు. వస్తే నేనే చదివి వినిపిస్తాను, మిల్లు దగ్గర కాకుండా.

ఇక్కడ కొండ కరుగుతోంది. చెక్కలవాళ్ళు వెళ్ళిపోయారు. నిన్న వెండెల్ నన్ను తన బండిలో పైకి తీసుకెళ్ళాడు. చలికాలమంతా మేము ఆకాశంలోకి కొట్టిన నీళ్ళు పాయలు పాయలుగా దిగి వెళ్ళి, ఎక్కడి నుంచి తీశామో ఆ చెరువులోనే పడుతున్నాయి. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. "ముప్పై ఏళ్ళు. మళ్ళీ నవంబర్‌లో పైకెక్కించాలి" అన్నాడు. వచ్చే ఏడు వస్తావా అని అడిగాడు. మా ఊళ్ళో కొత్త ఉద్యోగం దొరికింది, పై అధికారి చాలా కఠినం అని రుఫీనా చేత చెప్పించాను. సంపాదించింది ఇంటి కప్పు రేకులకి సరిపోతుంది. చాలు.

బావకి పొడుగు మేజోళ్ళు కొన్నాను, ఒకటే కాలికి వేసుకున్నా పర్వాలేదు. నేను తిట్టినా "పాపం" అన్నాడని రాశావు, నా మీద కోపం లేదు. ఉండాల్సింది.

చాలా అలిసిపోయానక్కా. వచ్చాక రెండు రోజులు పడుకుంటాను, అది నాగా కింద వెయ్యకు. మూడో రోజు పొద్దున నువ్వు ముందు నడువు, నేను వెనక వస్తాను. ఈ కుడి చేతికి వేడీ చల్లా సరిగ్గా తెలియడం లేదు. పెద్ద బండ దగ్గర పైపు మీద పెట్టి చూస్తాను. లోపల నీళ్ళు నడుస్తున్నట్టు నాకు తెలియకపోతే, నువ్వు చెయ్యి పెట్టి చెప్పు. నమ్ముతాను.

ఒదిలోన్